వెనక్కి తిరిగే దారి: తెలుగు సాహిత్యంలో మలుపు, ఎంపిక

అబుదాబి నగరం దాటాక రహదారులు చీలే చోటు మఫ్రఖ్. ఒక దారి దుబాయి వైపు, ఒకటి అల్ ఐన్ వైపు, మరొకటి పడమటగా సౌదీ సరిహద్దులోని ఘువైఫాత్ వైపు పోతాయి. పేరు కూడా దానికి తగినదే. అరబీలో మఫ్రఖ్ అంటే దారులు విడిపోయే చోటు. ఫ-ర-ఖ అనే ఆ ధాతువు తెలుగువారికి కొత్తది కాదు. రెవెన్యూ కాగితాల్లో కొన్ని గ్రామాల సముదాయాన్ని తెలిపే ఫిర్కా, తెలంగాణ నుడికారంలో తేడా అనే అర్థంలో వినిపించే ఫరక్, ఉర్దూ గజళ్ళు వినేవారికి పరిచితమైన ఫిరాఖ్ (ఎడబాటు) అన్నీ ఆ ధాతువు నుంచి వచ్చినవే.

ఈ మఫ్రఖ్ పరిసరాల్లో కార్మికుల కోసం కట్టిన నివాస సముదాయాలున్నాయి. 1983లో మొదలైన మఫ్రఖ్ ఆసుపత్రి దశాబ్దాలపాటు ఇక్కడ పనిచేసింది. 2019లో దాని స్థానంలో 732 పడకల షేక్ షఖ్బూత్ మెడికల్ సిటీ వచ్చింది. పాత కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళిన తెలుగువారికి ఇలాంటి నివాసాలూ ఇలాంటి ఆసుపత్రులూ పరిచితమైనవి. వారి గురించి మాట్లాడేవారు సాధారణంగా రెండు వాక్యాల్లో ఒకటి అంటారు. ‘వాళ్ళే కోరుకుని వెళ్ళారు’ అనేది మొదటిది. ‘పాపం, గతిలేక వెళ్ళారు’ అనేది రెండవది. మొదటి వాక్యం బాధ్యతనంతా వెళ్ళినవాడి మీద మోపుతుంది. రెండవది అతని బుద్ధినీ సంకల్పాన్నీ లెక్కలోంచి తీసివేస్తుంది. జీవితపు మలుపుల దగ్గర మనిషికి నిజంగా ఎంపిక ఉంటుందా అన్న ప్రశ్నకు ఈ రెండూ జవాబులు కావు. తెలుగు సాహిత్యంలో అంతకంటె మెరుగైన జవాబు ఉందా, ఉంటే ఏ రచనలో ఉంది అన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం.

మనసులోని మలుపు

ఆధునిక తెలుగు నవల ఈ ప్రశ్నను ఎక్కువగా మనసులోనే నిలిపి చూసింది. 1940లలో వచ్చిన రెండు ప్రసిద్ధ నవలలు, గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, ఇందుకు నిదర్శనాలు. గోపీచంద్ నాయకుడు సీతారామారావు ఆలోచనకు లోటు లేనివాడు. లోపమల్లా ఆ ఆలోచన ఆచరణగా మారకపోవడంలో ఉంది. వంశప్రతిష్ఠ అనే భావం ఒకవైపు, దాన్ని తూర్పారబట్టే తర్కం మరొకవైపు లాగుతుంటే ఆస్తి కరిగిపోతుంది, మనిషీ కరిగిపోతాడు. బుచ్చిబాబు నాయకుడు దయానిధి వైద్యుడు. తల్లి గురించి లోకం చెప్పుకునే మాట నీడలా అతన్ని వెంటాడుతుంది. కోమలి, అమృతం, ఇందిర, వీరిలో ఎవరి దగ్గర ఆగాలో, ఎవరిని విడవాలో అతనికి తేలదు.

ఇద్దరి బాధా నిజమైనదే. అయితే ఆ బాధకు ఆధారమైన వసతిని విమర్శకులు అంతగా గమనించినట్టు కనిపించదు. దయానిధి ఒక ఊరు వదిలి మరో ఊరు వెళ్ళగలడు. రాయలసీమలో వైద్యం మొదలుపెట్టగలడు. చదువు అతని వెంట వస్తుంది. వృత్తి ఎక్కడికి వెళ్ళినా అన్నం పెడుతుంది. ఒక నిర్ణయం తప్పితే మరో నిర్ణయానికి అవకాశం మిగిలే ఉంటుంది. సీతారామారావు సైతం చాలాకాలం, తాత ముత్తాతల ఆస్తి ఉన్నంతకాలం, తప్పు చేయగల స్తోమత ఉన్నవాడు. ఏ దారి పట్టాలో తేల్చుకోలేకపోవడం కూడా ఒక వసతే. తేల్చుకోకపోయినా కొంతకాలం బతకగలిగినవాడికే అది సాధ్యం. ఈ నవలలు మలుపు దగ్గర తటపటాయించే మనసును లోతుగా చూపాయి. మలుపు తిరిగాక వెనక్కి రావడానికి అయ్యే ఖర్చును చూపలేదు. చూపవలసిన అవసరం ఆ పాత్రలకు రాలేదు.

సంకల్పం నిజంగా స్వతంత్రమేనా అన్న ప్రశ్నను నాడీశాస్త్రం కూడా మనసులోనే, ఇంకా చెప్పాలంటే మెదడులోనే, వెదికింది. 1983లో బెంజమిన్ లిబెట్ బృందం ప్రచురించిన ప్రయోగం అందరికీ తెలిసినదే. వేలు కదపాలన్న కోరిక మనిషికి తెలియడానికి సెకనులో మూడోవంతు ముందే మెదడులో విద్యుత్ సంకేతం మొదలవుతోందని ఆ ప్రయోగం చెప్పింది. దాన్ని బట్టి స్వేచ్ఛ భ్రమ అని చాలామంది తీర్మానించారు. ఆ సంకేతానికి వేరే వివరణలు కూడా తరవాత వచ్చాయి. కానీ లిబెట్ తాను ఆ తీర్మానానికి రాలేదు. మొదలైన కదలికను చివరి క్షణంలో ఆపగల శక్తి మనిషికి ఉందనీ, స్వేచ్ఛ అక్కడే ఉందనీ అతను భావించాడు. వేలు కదపడానికీ దేశం వదలడానికీ పోలిక లేదు. అయినా ఆ సూచన విలువైనది. మొదలుపెట్టే శక్తిని కాక, ఆపగల శక్తిని స్వేచ్ఛకు గుర్తుగా తీసుకోవచ్చునన్న ఆలోచన అందులో ఉంది.

సమ్మతికి నాలుగు షరతులు

మనిషి ‘సరే’ అన్నమాటకు ఎప్పుడు విలువ ఉంటుందన్న ప్రశ్నను అత్యంత జాగ్రత్తగా ఆలోచించిన రంగాల్లో వైద్యం ఒకటి. ఆ జాగ్రత్త ఘోరాల తరవాత వచ్చింది. నాజీ వైద్యుల విచారణ ముగిసిన 1947లో వెలువడిన న్యూరెంబర్గ్ నియమావళి పది సూత్రాలను చెప్పింది. మొదటిది, ప్రయోగానికి లోనయ్యే మనిషి స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అని. తొమ్మిదవది, ఇక భరించలేనని తోచినప్పుడు ప్రయోగాన్ని ఆపించే స్వేచ్ఛ అతనికి ఉండాలని. 1964 నాటి హెల్సింకీ ప్రకటన కూడా ఆ దారిలోనే నడిచింది. నేడు ఏ ఆసుపత్రిలోనైనా సమ్మతి చెల్లడానికి నాలుగు షరతులు చెప్పుకోవచ్చు. విషయం తెలిసి ఉండాలి. తెలిసినదాన్ని తూచగల స్థితి ఉండాలి. బలవంతం ఉండకూడదు. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు ఉండాలి.

వీటిలో మొదటి మూడింటి గురించి సాహిత్యం చాలా చెప్పింది. మోసపోయినవాళ్ళ కథలు, తెలియక చేసినవాళ్ళ కథలు, బలవంతానికి లొంగినవాళ్ళ కథలు తెలుగులో కొల్లలు. నాలుగవ షరతే నిజమైన పరీక్ష. సమ్మతి ఒక రోజు సంతకంతో ముగిసిపోదు. వెనక్కి తీసుకోగలిగినంతకాలమే అది సమ్మతిగా బతికి ఉంటుంది. ఆ హక్కు కాగితం మీద ఉన్నా, వాడుకుంటే సర్వనాశనమయ్యేటట్లైతే మొదట అన్న ‘సరే’ కూడా మసకబారుతుంది. కాబట్టి మలుపు దగ్గర ఎన్ని దారులున్నాయన్న లెక్కకంటె, వేసిన అడుగును వెనక్కి తీసుకోవడానికి ఎంత చెల్లించాలి, ఆ చెల్లింపు ఎవరు చేస్తారు అన్న లెక్క ఎంపికకు మెరుగైన కొలత. ‘ముందు నుయ్యి, వెనక గొయ్యి’ అన్న తెలుగు సామెత ఈ సంగతి ఎప్పుడో గ్రహించింది. అందులో ముందున్న నూతితోపాటు వెనకనున్న గొయ్యి కూడా లెక్కలోకి వచ్చింది.

జూదమూ, పూనా ప్రయాణమూ

ఈ కొలతతో పాత కథలను చూస్తే తెలిసిన ఘట్టాలే కొత్తగా కనిపిస్తాయి. భారతంలో ధర్మరాజు రెండుసార్లు జూదానికి కూర్చుంటాడు. మొదటిసారి సర్వం పోగొట్టుకున్నాక ధృతరాష్ట్రుడు అన్నీ తిరిగి ఇచ్చేస్తాడు. అంటే వెనక్కి వచ్చే దారి తెరుచుకుంది. అయినా మళ్ళీ పిలుపు రాగానే అతను వెళ్తాడు. దీన్ని వ్యసనమనీ, విధి అనీ, పిలిస్తే కాదనకూడదన్న రాజధర్మమనీ రకరకాలుగా వివరించారు. మరొక కోణం కూడా ఉంది. తిరిగి వచ్చిన రాజ్యం హక్కుగా వచ్చింది కాదు, ఒక వృద్ధుని దయగా వచ్చింది. దయతో తెరిచిన తలుపును అదే చేయి మూయగలదు. ద్రౌపది సభలో వేసిన ప్రశ్న దీనికంటె లోతుకు పోతుంది. తన్ను తాను ఓడిపోయినవాడు మరొకరిని పణంగా ఎలా పెట్టగలడని ఆమె అడిగింది. ఒకరి ఎంపిక ఖర్చును మరొకరు చెల్లించవలసి రావడమే ఆ ప్రశ్నకు మూలం. భీష్ముడంతటివాడు దానికి తేటతెల్లమైన జవాబు చెప్పలేకపోయాడు.

గురజాడ ‘కన్యాశుల్కం’లో బుచ్చమ్మ గిరీశంతో వెళ్ళిపోతుంది. ఆ వెళ్ళడంలో ఆమె ఎంపిక ఎంత? వితంతువుగా తండ్రి ఇంట్లో అణగిమణగి ఉండటం ఒక దారి, మాటకారి వెంట తెలియని లోకంలోకి పోవడం మరొక దారి. రెండు దారులున్నాయి కనుక ఎంపిక ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ గడప దాటాక తిరిగి వచ్చే వీలు ఆమెకు లేదు. గిరీశానికి మాత్రం ఎప్పుడూ ఉంది. ఒక ఊళ్ళో పరువు పోతే మరో ఊళ్ళో వేషం వేయగలడు. ఒకే ప్రయాణంలో ఇద్దరి స్వేచ్ఛ ఒకటి కాదు. నాటకం చివర సౌజన్యారావు పంతులు బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేస్తాడు. గిరీశం ఆట కట్టించిన ఘట్టంగానే దాన్ని చాలామంది గుర్తుంచుకుంటారు. బుచ్చమ్మ వైపు నుంచి చూస్తే అది అంతకంటె పెద్ద విషయం. తండ్రి మీదా గిరీశం మీదా ఆధారపడకుండా ఉండగలిగే చోటు ఆమెకు మొదటిసారి దొరికింది. అటువంటి చోటు ఉన్నాకే ఆమె ‘అవును’కూ ‘కాదు’కూ అర్థం వస్తుంది. ఉపదేశంతో రాని స్వేచ్ఛ ఒక సంస్థ ఉండటం వల్ల వచ్చింది.

అబద్ధం లేని బంధనం

ఈ ప్రశ్నను తెలుగులో చివరికంటా తీసుకుపోయిన రచన కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’. 1966లో ‘యువ’లో అచ్చయిన ఈ కథ సుందరపాలెం అనే ఊళ్ళో జరుగుతుంది. దళితుడైన అప్పల్రాముడు గోపన్నకు బాకీ పడ్డాడు. తగవు ఊరి పెద్ద శ్రీరాములునాయుడి ముందుకు వస్తుంది. కథ చదివినవారికి గుర్తుండే విశేషం ఏమంటే, ఇందులో దొంగపత్రం లేదు. అప్పు నిజం. వడ్డీ లెక్కలో గారడీ లేదు. తీర్పరి లంచగొండి కాడు. ఊరికి మేలు చేసినవాడిగా పేరున్నవాడు. విచారణ బహిరంగంగా, ఓపికగా, అందరి మాటా వింటూ సాగుతుంది. చివరికి అప్పల్రాముడు ధర్మానికి తలవంచుతాడు.

పైన చెప్పిన నాలుగు షరతుల్లో మూడు ఇక్కడ నెరవేరినట్టే. విషయం అందరికీ తెలుసు. అప్పల్రాముడు తెలివిలేనివాడు కాడు. కత్తి చూపి బెదిరించినవాడూ లేడు. లేనిదల్లా నాలుగవది. అతని ‘సరే’కు తిరుగు లేదు. ఉన్న నేల పోతే మిగిలేది పాలేరుతనం. దాన్ని మోయవలసింది కొడుకులు, మనుమలు. ద్రౌపది ప్రశ్న ధర్మమండపంలో మళ్ళీ వినిపిస్తుంది. ఒక తరం తలవంచితే తరవాతి తరం మెడ మీద కాడి ఎలా పడుతుంది? సీతారాముడు కన్నకొడుకునే చంపి ఆ ప్రశ్నకు జవాబు చెబుతాడు. ఆ ముగింపు నమ్మదగినదా, అవసరమా, ఏ రాజకీయానికి సరిపోతుంది అన్న చర్చ తెలుగు విమర్శలో దశాబ్దాలుగా సాగింది. ఎంపిక అన్న కోణం నుంచి చూస్తే ఆ ఘోరంలోని తర్కం కనిపిస్తుంది. వెనక్కి తీసుకోలేని సమ్మతిని అడిగిన సభకు, వెనక్కి తీసుకోలేని చర్యతోనే అతను ‘కాదు’ అన్నాడు. ఇంకే రూపంలోనూ ‘కాదు’ అనడానికి అక్కడ చోటు లేదు. అది స్వేచ్ఛ కాదు. స్వేచ్ఛకు దారులన్నీ మూస్తే మిగిలే దారుణం. కథకుడు ఆ చర్యను మెచ్చుకోమని అడగడు. ఆ చర్యకు ముందు జరిగినదంతా న్యాయంగానే ఉందని ఒప్పుకున్న పాఠకుణ్ణి ఇబ్బంది పెడతాడు.

అబద్ధం లేకుండానే మనిషి ఎంపికను కోల్పోవచ్చునని నిరూపించడం ఈ కథ సాధించిన ఘనత. గల్ఫ్ వలసను అర్థం చేసుకోవడానికి సరిగ్గా ఇదే కావాలి.

ఆజాద్ వీసా, ఖల్లివల్లి

గల్ఫ్ వలస మీద వచ్చే వార్తల్లోనూ కథల్లోనూ సినిమాల్లోనూ ప్రతినాయకుడు సాధారణంగా ఏజెంటు. ఒక పని చెప్పి మరో పనికి పంపినవాడు, విజిట్ వీసాను కంపెనీ వీసాగా అమ్మినవాడు, డబ్బు తీసుకుని మాయమైనవాడు. ఇలాంటివారు ఉన్నారు, వారి మోసమూ నిజమే. కానీ కథంతా మోసం చుట్టూ తిరిగితే ఒక ప్రమాదం ఉంది. ఏజెంటు నిజం చెప్పి ఉంటే అంతా సవ్యంగా ఉండేదన్న భావన పాఠకుడిలో మిగిలిపోతుంది. ‘యజ్ఞం’ చదివినవారు ఆ భావనతో తృప్తిపడలేరు.

లెక్క చూడవచ్చు. ఒక మనిషి లక్ష రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల మిత్తికి తెచ్చాడనుకుందాం. నెలకు 2,000, ఏడాదికి 24,000 రూపాయలు మిత్తి కిందనే పోతాయి. అసలు అలాగే ఉంటుంది. భారత ప్రభుత్వ నిబంధనల ప్రకారం లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి చేతులు మారే డబ్బుకు రసీదు ఉండదు. రసీదు లేని డబ్బును ఏ చట్టమూ తిరిగి ఇప్పించలేదు. ప్రయాణానికి ముందు గామ్కా వైద్య పరీక్ష ఉంటుంది. ఎప్పుడో నయమైపోయిన క్షయ ఊపిరితిత్తి మీద మిగిల్చిన మచ్చ ఎక్స్‌రేలో కనబడితే చాలు, మనిషి పనికి అనర్హుడు కావచ్చు. అప్పు మాత్రం అర్హంగానే ఉంటుంది.

మఫ్రఖ్‌లో ఉన్న కార్మికుడికి చట్టం ఇచ్చిన హక్కులు తక్కువేమీ కావు. 2022 ఫిబ్రవరి 2న అమల్లోకి వచ్చిన యూఏఈ కార్మిక చట్టం ప్రకారం నియామక ఖర్చులు యజమాని భరించాలి, కార్మికుడి నుంచి వసూలు చేయకూడదు. పాస్‌పోర్టు లాంటి పత్రాలను యజమాని తన దగ్గర ఉంచుకోకూడదు. నోటీసు ఇచ్చి కార్మికుడు ఒప్పందాన్ని ముగించవచ్చు. నాలుగవ షరతు, అంటే వెనక్కి తీసుకునే హక్కు, కాగితం మీద ఉంది. కానీ ఆ చట్టం పరిధి యూఏఈ వరకే. జగిత్యాల దగ్గరి ఊళ్ళో రాసిన ప్రామిసరీ నోటు దాని పరిధిలోకి రాదు. ఉద్యోగం వదలవచ్చు, అప్పును వదలలేడు. ఒప్పందం రెండు దేశాల్లో రెండు చోట్ల జరిగింది. ఒకచోట ఇచ్చిన హక్కును రెండవచోట ఉన్న బాకీ నిరర్థకం చేస్తుంది.

ఈ పరిస్థితిని గల్ఫ్ తెలుగువారి మాటలే పట్టిస్తాయి. ఫలానా యజమాని దగ్గరే పనిచేయాలన్న కట్టుబాటు లేదని చెప్పి డబ్బుకు అమ్మే వీసాను ఆజాద్ వీసా అంటారు. ఆజాద్ అంటే స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛ చట్టంలో ఎక్కడా లేదు. దాన్ని కొనడానికి చేసిన అప్పు మాత్రం ఉంది. యజమానిని వదిలి, కాగితాలు లేకుండా బయట పని చేసుకునేవాణ్ణి ఖల్లివల్లి అంటారు. అరబీలో ఆ మాటకు ‘పోనీ, వదిలెయ్’ అని అర్థం. ‘కాదు’ అన్న మనిషికి ఆ ‘కాదు’ అన్న చర్యే పేరైపోయింది. ఆపగల శక్తిని వాడుకున్నందుకు అతను నేరస్థుడయ్యాడు. ఇంటికి పోవడానికి కూడా ఆమ్నెస్టీ ప్రకటించేదాకా ఆగవలసి వస్తుంది. యూఏఈ 2007లో, 2018లో, 2024లో అలాంటి అవకాశాలు ఇచ్చింది. తెలుగు పత్రికలు దాన్ని క్షమాభిక్ష అని రాస్తాయి. ఆ మాటలోనే ధృతరాష్ట్రుడి సభ ఉంది. క్షమగా, భిక్షగా దొరికే తిరుగుదారి హక్కు కాదు.

మలుపు ఎక్కడ ఉంది?

గల్ఫ్ సాహిత్యంలో ఎక్కువమంది చదివిన భారతీయ నవలల్లో బెన్యామిన్ మలయాళంలో రాసిన ‘ఆడుజీవితం’ ఒకటి. 2008లో వచ్చింది. 2024లో సినిమాగా తెలుగువారినీ చేరింది. కథానాయకుడు నజీబ్ సౌదీ విమానాశ్రయంలో దిగి, తీసుకుపోవడానికి వచ్చాడనుకున్న మనిషి వాహనం ఎక్కుతాడు. అక్కడి నుంచి ఎడారిలోని మేకల మంద మధ్యకు చేరుతాడు. చివర్లో తెలిసే సంగతి ఏమంటే, అతన్ని బంధించినవాడు అసలు అతని వీసాదారుడే కాడు. వీసా ఉన్నట్లైతే ఆ యజమాని అతన్ని మళ్ళీ ఎడారికే ఈడ్చుకుపోయేవాడు. ఈ వ్యంగ్యం నవలలోని పదునైన భాగం. మనిషిని కాపాడింది అతని హక్కు కాదు, ఒక కాగితం లేకపోవడం.

అయినా నవల మలుపును విమానాశ్రయంలో పెట్టింది. అది యాదృచ్ఛికం చేతికి కథను అప్పగించడం. ఆ రోజు మరొక వాహనం వచ్చి ఉంటే నజీబ్ కథ వేరుగా ఉండేది. చాలామంది వలస కార్మికుల జీవితంలో అసలు మలుపు అంత నాటకీయమైనది కాదు. అది వడ్డీ వ్యాపారి వరండాలో, ఒక సాయంత్రం, ఇద్దరు సాక్షుల ముందు జరిగిపోతుంది. భార్య మెడలోని బంగారం కుదువకు పోయిన రోజు జరుగుతుంది. ఆ తరవాత విమానాశ్రయం, ఎడారి, మఫ్రఖ్‌లోని గది, అన్నీ ఆ సంతకానికి కొనసాగింపులే. దారి చీలే చోటు పేరు మఫ్రఖ్ కావచ్చు. అక్కడికి చేరేసరికి దారి ఎన్నడో తేలిపోయి ఉంటుంది.

ఆ సాయంత్రం సంతకం చేయని మనిషి సమ్మతి సంగతి ఏమిటి? బంగారం ఇచ్చిన భార్య, పొలం కాగితాలు ఇచ్చిన తల్లి, తండ్రి లేకుండా పెరగబోయే పిల్లలు, వీరందరి జీవితాల్లోనూ అదే మలుపు. మత్తులో ఉన్న రోగి బదులు తల్లి దగ్గర సమ్మతి తీసుకుని పెద్ద ఆపరేషన్ చేయడం చెల్లదని భారత సుప్రీంకోర్టు 2008లో ఒక తీర్పులో చెప్పింది. ఒక చికిత్సకు ఇచ్చిన సమ్మతి మరో చికిత్సకు సమ్మతి కాదని కూడా చెప్పింది. ఆసుపత్రి ఈ నియమాన్ని పాటించగలదు. కుటుంబం పాటించలేదు. ఇంట్లో ఒకరి ‘సరే’ అందరి ‘సరే’గా చెల్లుబాటవుతుంది. రెండేళ్ళని చెప్పి వెళ్ళిన మనిషి పదేళ్ళు ఉండిపోతే, రెండేళ్ళకు ఇచ్చిన సమ్మతితోనే మిగతా ఎనిమిదేళ్ళూ గడుస్తాయి. ఈ మలుపును భార్య వైపు నుంచి, అప్పు పత్రం దగ్గర మొదలుపెట్టి రాసిన పెద్ద నవల కోసం తెలుగులో చోటు ఇంకా ఉంది.

రెండు ఆక్షేపణలు

ఈ కొలత మీద రెండు ఆక్షేపణలు రావచ్చు. వెనక్కి తీసుకోలేని నిర్ణయాలన్నీ స్వేచ్ఛ లేనివేనా అన్నది మొదటిది. బిడ్డను కనడం, అవయవం దానం చేయడం, ఒక ఆదర్శం కోసం ఉద్యోగం వదలడం తిరుగు లేనివే. అవే ఒక్కోసారి మనిషి చేసే అతి స్వతంత్రమైన పనులు. నిజమే. శస్త్రచికిత్స కూడా అలాంటిదే. తీసిన భాగాన్ని తిరిగి పెట్టలేరు. అందుకే అక్కడ సమ్మతి అడిగేవాడి మీద బరువు పెరుగుతుంది. ఆలోచించుకోవడానికి వ్యవధి ఇవ్వాలి, ప్రత్యామ్నాయాలు చెప్పాలి, మరో వైద్యుణ్ణి అడిగే వీలుండాలి, వద్దన్నందుకు శిక్ష ఉండకూడదు. అడుగు ఎంత తిరుగులేనిదైతే దానికి ముందు ‘కాదు’ అనడం అంత తేలికగా ఉండాలి. గల్ఫ్ ప్రయాణంలో జరిగేది దీనికి తలకిందులు. అడుగు పడకముందే అడ్వాన్సు కట్టాలి. కట్టాక మానుకుంటే అది పోతుంది.

రెండవ ఆక్షేపణ మరింత గట్టిది. ఒకసారి వెళ్ళి వచ్చినవాడు మళ్ళీ వెళ్తున్నాడు కదా? అతనికి అన్నీ తెలుసు. మోసపోలేదు. అతణ్ణి బాధితుడని పిలవడం అవమానం కాదా? అవును, అవమానమే. రెండవసారి వెళ్ళే మనిషి తన ఊళ్ళోని ఎండిన బోరునూ, మఫ్రఖ్ జీతాన్నీ పక్కపక్కన పెట్టి తూచి నిర్ణయిస్తాడు. ఆ తూకంలో బుద్ధి ఉంది, బాధ్యత ఉంది, ఒక్కోసారి చమత్కారమూ ఉంది. అతనికి ఎంపిక లేదనడం తప్పు. అతని ఎంపిక ఎంత ఖరీదైనదో, ఆ ఖరీదును ఎవరు నిర్ణయించారో చెప్పకపోవడం కూడా అంతే తప్పు. స్వేచ్ఛ ఉందా లేదా అన్న ప్రశ్నకు అవుననో కాదనో జవాబు రాదు. జ్వరంలాగా దానికి కొలత ఉంటుంది.

ఆ కొలత విదేశాల్లోని తెలుగు వృత్తి నిపుణులకు కూడా వర్తిస్తుంది. ‘మేం కోరుకుని వచ్చాం’ అనే మాట వారు తరచుగా, సగర్వంగా అంటారు. హెచ్-1బీ వీసా మీద ఉన్న ఇంజనీరు ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు. జె-1 మీద అమెరికాలో శిక్షణ పొందిన వైద్యుడు చాలా సందర్భాల్లో రెండేళ్ళు స్వదేశంలో గడపాలి, లేదా మినహాయింపు కోసం వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్ళు పనిచేయాలి. పిల్లల చదువు, ఇంటి రుణం, ఏళ్ళ తరబడి కదలని గ్రీన్‌కార్డు వరస తిరుగుదారి ఖర్చును ఏటా పెంచుతుంటాయి. ఈ ఖర్చుకూ మఫ్రఖ్ కార్మికుడి ఖర్చుకూ సామ్యం లేదు. ఇక్కడ తిరిగి వస్తే తగ్గేది సుఖం, అక్కడ తిరిగి వస్తే పోయేది నేల. కానీ ప్రశ్న ఒకటే. అందువల్ల ఒక వర్గం వలసను సాహసమనీ, మరో వర్గం వలసను దైన్యమనీ పిలిచే అలవాటు నిలవదు. ఇద్దరూ ఎంచుకున్నారు. ఒకరి ఎంపిక వెనక డిగ్రీ ఉంది, మరొకరి ఎంపిక వెనక ప్రామిసరీ నోటు ఉంది.

విమర్శకు దీనివల్ల కలిగే ప్రయోజనం స్పష్టమే. ఒక పాత్ర మలుపు దగ్గర ఏం ఆలోచించిందో అడగడంతో తృప్తిపడక, అక్కడ నుంచి తిరిగి రావలసివస్తే ఎవరి ఇంటి తలుపు తెరిచి ఉందో కూడా అడగాలి. దయానిధిని అలా అడిగితే అతని వేదన తగ్గదు గానీ, దాని కింద ఉన్న వసతి కనిపిస్తుంది. బుచ్చమ్మను అడిగితే పూనా శరణాలయం ఎంత విలువైనదో తెలుస్తుంది. అప్పల్రాముణ్ణి అడిగితే తెరిచి ఉన్న తలుపు ఒక్కటీ కనబడదు. సమాజం మనుషుల సంకల్పాన్ని బలపరచలేకపోవచ్చు. తలుపులు తెరిచి ఉంచడం మాత్రం దాని చేతిలో ఉంది. తక్కువ వడ్డీకి దొరికే అప్పు, రసీదు ఇచ్చే ఏజెంటు, తిరిగి వచ్చినవాడికి ఊళ్ళో దొరికే పని, వెళ్ళనన్న మనిషిని చేతకానివాడనని బంధువులు, ఇవే ఆ తలుపులు.